బీచ్ నుంచి గాలం: బ్రెయిడ్ వెయ్యాలా, మోనోనే ఉంచాలా? (రుషికొండ – భీమిలి)

రుషికొండ_రాడ్:

అందరికీ నమస్కారం. విశాఖలో రుషికొండ నుంచి భీమిలి దాకా ఇసుక బీచుల మీద, అప్పుడప్పుడు తెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గర గాలం వేస్తుంటాను. సామాను ఇదీ: 12 అడుగుల రాడ్డు (100 నుంచి 200 గ్రాముల సీసానికి), 6000 సైజు స్పిన్నింగ్ రీలు. రీలు స్పూల్ (దారం చుట్టుకునే చక్రం) మీద "0.40 మి.మీ. – 210 మీ." అని ఉంది. ఇప్పుడు దాని నిండా 0.40 మోనో, అంటే ఒంటి పోగు నైలాన్ తంగూసే. సీసం 120 గ్రాములు, ఎర రొయ్య గానీ కవళ్ల ముక్క గానీ.

ఇబ్బంది రెండు చోట్ల. నైరుతి గాలి పట్టుకున్నాక నీటి లాగుడుకి సీసం ఒక్కచోట ఆగట్లేదు, కాసేపటికే భీమిలి వైపు జరిగిపోయి ఒడ్డుకి వచ్చేస్తోంది. రెండోది, 70–80 మీటర్ల అవతల గొరక, మాగ లాంటివి ఎర ముడితే రాడ్డు కొసలో తెలియట్లేదు. చుట్టి చూస్తే ఖాళీ గాలం.

బ్రెయిడ్, అంటే సన్న పోగులు అల్లిన దారం వేస్తే రెండూ తీరిపోతాయంటున్నారు. పీఈ 2 మందం బ్రెయిడ్ సరిపోతుందా? లీడర్ (బ్రెయిడ్ చివర కట్టే లావు మోనో ముక్క) ఎంత పొడుగు, ఎంత మందం ఉండాలి? ఇసుకకీ రాళ్లకీ ఒకే దారంతో నెట్టుకురావచ్చా? స్పూల్ ఒక్కటే ఉంది.


కెరటం_అంచు:

మీరు చెప్పిన రెండిటికీ బ్రెయిడే మందు. పీఈ 2 సరిగ్గా సరిపోతుంది. చాలామంది దూరం కోసం బ్రెయిడ్ కొంటారు. దూరం కొంత పెరుగుతుంది, కాదనను. కానీ మన తీరంలో అసలు లాభం దూరంలో లేదు, నీళ్లలో పడ్డాక ఉంది.

లెక్క చూడండి. పీఈ 2 మందం 0.235 మి.మీ. మీ మోనో 0.40. 80 మీటర్ల దారం నీళ్లలో ఉందనుకుంటే 0.40 మోనో నీటి ఒరవడికి చూపించే అడ్డు 320 చదరపు సెంటీమీటర్లు. పీఈ 2 అయితే 188. అంటే సీసం మీద పడే పక్క లాగుడు 40 శాతం దాకా తగ్గుతుంది. మీ సీసం జరిగిపోయేది దాని బరువు చాలక కాదు, దాని వెనక ఉన్న దారాన్ని నీరు లాక్కుపోతున్నందుకు. 120 గ్రాములు తీసేసి 150 పెట్టినా మోనోతో అదే తంతు కొంచెం ఆలస్యంగా జరుగుతుంది, అంతే.

ఎర ముట్టడం తెలియకపోవడానికి కారణం సాగుడు. నైలాన్ తెగే ముందు 20–25 శాతం సాగుతుంది. చిన్న లాగుడుకి అంత సాగదు గానీ, 80 మీటర్ల పొడవు మీద గొరక మూతి తట్టిన తట్టుడు మింగేయడానికి ఆ కాస్త చాలు. బ్రెయిడ్ తెగేదాకా లాగినా సాగేది 3–5 శాతమే.

ఇప్పుడు లీడర్. ఇది లేకుండా బ్రెయిడ్ తో 120 గ్రాములు బలంగా విసరకండి. విసిరే క్షణంలో దారం మీద పడే కుదుపు సీసం బరువుకి ఎన్నో రెట్లు ఉంటుంది. బ్రెయిడ్ సాగదు కాబట్టి ఆ కుదుపంతా ఒక్కసారే పడుతుంది. తెగితే సీసం తుపాకీ గుండులా పోతుంది, మన బీచుల్లో సాయంత్రం పూట నీళ్ల అంచున పిల్లలుంటారు. మామూలు లెక్క: ప్రతి 28 గ్రాముల సీసానికీ 10 పౌండ్ల బరువు ఆగే లీడర్. 120 గ్రాములకి 43 వస్తుంది, ఎర బరువు కూడా ఉంటుంది కాబట్టి 50 పౌండ్ల మోనో తీసుకోండి. మందం 0.70 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది.

పొడుగు ఇలా తేల్చుకోండి. రాడ్డు 3.65 మీటర్లు. విసిరేటప్పుడు కొస నుంచి వేలాడేది 1.2 మీటర్లు. విసిరే ముందు స్పూల్ మీద లీడర్ కనీసం ఆరు చుట్లు ఉండాలి. మీ స్పూల్ వ్యాసం 6 సెం.మీ. అనుకుంటే చుట్టుకి 19 సెం.మీ., ఆరు చుట్లకి 1.15 మీటర్లు. మొత్తం 6 మీటర్లు. అరిగిన కొస కోసుకుంటూ పోవాలి కాబట్టి 7 మీటర్లు కట్టండి. స్పూల్ మీద నాలుగు చుట్లే మిగిలాయంటే కొత్తది కట్టే వేళయినట్టే. ఆ తక్కువ చుట్లతో విసిరితే బరువంతా ముడి మీదా, దాని వెనక బ్రెయిడ్ మీదా పడుతుంది.

దారం ఒక్కటే మార్చి, విసిరే తీరు మార్చకపోతే సగం లాభమే. నైరుతి నెలల్లో తీరం వెంట నీరు విశాఖ నుంచి భీమిలి వైపు పోతుంది. కాబట్టి సముద్రానికి నేరుగా కాకుండా విశాఖ వైపు ఏటవాలుగా విసరండి. నాలుగు తీగ ముళ్లున్న సీసం వాడండి. అది నేలకి తగిలాక వెంటనే దారం బిగించకండి. బెయిల్ (రీలు మీద దారాన్ని పట్టే తీగ చేయి) తెరిచే ఉంచి పది పదిహేను మీటర్లు వదలండి, నీరు దాన్ని విల్లులా వంచుతుంది. అప్పుడు సీసాన్ని పైకి ఎత్తే లాగుడు పోయి, నేల వెంబడి లాగే లాగుడు వస్తుంది, ముళ్లు ఇసుకలో దిగుతాయి. ఆ తర్వాత బెయిల్ వేసి రాడ్డు కొస కాస్త వంగేదాకా బిగించండి. ఇలా కట్టిన గాలానికి చేప పడితే కొస కిందికి వంగదు. సీసం ఊడివస్తుంది కాబట్టి కొస ఒక్కసారి నిటారుగా లేచి దారం వదులైపోతుంది. అది చూసిన వెంటనే గబగబా చుట్టాలి. మోనోతో కూడా ఇదే పద్ధతి, కానీ వదులు పడటం అంత స్పష్టంగా కనిపించదు.

ఈశాన్య గాలుల కాలంలో నీటి లాగుడు తిరగబడుతుంది, అప్పుడు భీమిలి వైపు విసరాలి. నమ్మకం లేకపోతే ముందు ఒక ఎండు కొబ్బరి మట్ట ముక్క నీళ్లలో వేసి అది ఎటు పోతుందో చూడండి.


రాళ్లమీద:

పై మాట ఇసుక వరకు ఒప్పుకుంటాను. ప్రశ్నలో తెన్నేటి పార్కు రాళ్లు కూడా ఉన్నాయి, అక్కడ ఆ సలహా పాటిస్తే సామాను సముద్రానికి సమర్పించుకోవడమే.

రాయి మీద బ్రెయిడ్ ఎందుకు ఓడిపోతుందో తెలుసుకుంటే ఎక్కడ వాడకూడదో కూడా తెలుస్తుంది. బ్రెయిడ్ అంటే వందల సన్నటి పోగులు అల్లిన దారం. పోగులు గట్టివే, కానీ ఒక్కొక్కటీ వెంట్రుక కంటే సన్నం. రాయికి అంటుకున్న ఆల్చిప్ప అంచు మీద బిగుతుగా ఉన్న బ్రెయిడ్ ఆనిందంటే పైపోగులు ముందు తెగుతాయి, బరువు మిగతావాటి మీద పడుతుంది, అవీ తెగుతాయి. చేప ఒక్కసారి పక్కకి తిరిగితే చాలు. 0.45 మోనో అదే అంచు మీద గీరుకుంటుంది, పైన తెల్లటి గాటు పడుతుంది, కానీ లోపల ఒకే ముద్ద కాబట్టి చేపని ఒడ్డుకి తెచ్చేంత బలం మిగులుతుంది. గాటు వేలికి తగులుతుంది కూడా. కోసేసి మళ్లీ కట్టుకోవచ్చు. బ్రెయిడ్ మెత్తబడి నూగు లేచిందంటే అప్పటికే చాలా బలం పోయినట్టు.

రాళ్ల దగ్గర 70 మీటర్లు విసరాల్సిన పని లేదు. పారలు, పండుగప్ప రాళ్ల కాళ్ల దగ్గరే, నురుగు విరిగే చోటే తిరుగుతాయి. 20–30 మీటర్లకి బ్రెయిడ్ స్పర్శ ఎక్కువ, మోనో స్పర్శ తక్కువ అన్న తేడా లెక్కలోకి రాదు. పైగా దగ్గర్లో పెద్ద పార పడితే మొదటి పరుగుకి మోనో సాగుడే కాపు. బ్రెయిడ్, గట్టి రాడ్డు, బిగించిన డ్రాగ్ (చేప లాగితే దారం వదిలే రీలు బ్రేకు) మూడూ కలిస్తే గాలం మూతి చీల్చుకుని వచ్చేస్తుంది.

స్పూల్ ఒక్కటే అన్నారు కాబట్టి ఇలా చెయ్యండి. బ్రెయిడ్ అలాగే ఉంచి, రాళ్లకి వెళ్లే రోజు 7 మీటర్ల లీడర్ తీసేసి, దాని బదులు 40 మీటర్ల 0.45 మోనో కట్టుకోండి. రాళ్ల దగ్గర నీళ్లలో ఉండేదంతా అప్పుడు మోనోయే అవుతుంది. 80 గ్రాములు దాటకుండా, ఊపి విసరకుండా మెల్లగా వెయ్యండి. 0.45 మోనో 25 పౌండ్ల చుట్టూ ఉంటుంది, దానికి అంతే తగును. ఇంత మోనో పట్టాలంటే స్పూల్ లో చోటు కావాలి. అంచు దాకా నింపేసి ఉంటే పైనుంచి కొంత బ్రెయిడ్ తీయాల్సి వస్తుంది. ఇంకో స్పూల్ దొరికితే ఈ గొడవే లేదు.

సీసం రాళ్లలో ఇరుక్కోవడం మామూలే కాబట్టి సీసాన్ని అసలు దారానికి నేరుగా కట్టకండి. 10 పౌండ్ల సన్న మోనో ముక్క ఒక జానెడు తీసుకుని దాంతో కట్టండి. ఇరుక్కుంటే ఆ ముక్క తెగి సీసం పోతుంది, గాలమూ చేపా మిగులుతాయి. మెల్లగా వేస్తేనే ఇది పనికొస్తుంది. ఇసుక బీచ్ మీద బలంగా విసిరేటప్పుడు ఈ సన్న ముక్క పెట్టారో విసిరిన చోటే తెగి సీసం ఎవరికో తగులుతుంది. సీసం బదులు పాత స్పార్క్ ప్లగ్గులు కట్టినా రాళ్లలో పని జరుగుతుంది.

ఇరుక్కున్న దారాన్ని రాడ్డుతో కుదపకండి, చేతికి చుట్టుకుని అసలే లాగకండి. బ్రెయిడ్ అయితే వేళ్లు ఎముక దాకా కోస్తుంది. చెక్క ముక్కకి ఏడెనిమిది చుట్లు చుట్టి, రాడ్డు కొసని దారం దిక్కుకే పెట్టి, మొహం పక్కకి తిప్పి వెనక్కి నడవండి.


భీమిలి_పార:

ఇద్దరూ చెప్పింది సరైనదే. బ్రెయిడ్ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం దారంవి కావు, స్పూల్ మీద చుట్టిన తీరువి. అది చెప్తాను.

నున్నటి స్పూల్ మీద బ్రెయిడ్ నేరుగా కడితే మొత్తం చుట్ట ఒక్కటిగా జారుతుంది. డ్రాగ్ ఎంత బిగించినా చేప లాగుతూనే ఉంటుంది, డ్రాగ్ చెడిందేమో అనిపిస్తుంది. అడుగున మోనో పడాలి. ఎంత పడాలో మీ స్పూల్ మీద రాసిన అంకెలతోనే తేలుతుంది. మందం వర్గాన్ని పొడవుతో హెచ్చించండి: 0.40 × 0.40 × 210 = 33.6. ఇది మీ స్పూల్ పట్టు. 200 మీటర్ల పీఈ 2 కి 0.235 × 0.235 × 200 = 11 చిల్లర. మిగిలింది 22.5. దాన్ని 0.16 తో భాగిస్తే 140 మీటర్లు. అంటే ఇప్పుడున్న మోనో తీసి పారేయక్కర్లేదు, పైన 70 మీటర్లు కోసేసి మిగతా దాని మీదే బ్రెయిడ్ కట్టొచ్చు. లీడర్ కీ, పైన చెప్పిన 40 మీటర్ల మోనోకీ చోటు కావాలి కదా. 40 మీటర్ల 0.45 కి 8.1 పోతుంది. మిగిలిన 14.4 ని 0.16 తో భాగిస్తే 90 మీటర్లు. అడుగు మోనో అంతే ఉంచండి. ఇసుకకి వెళ్లే రోజు స్పూల్ కొద్దిగా తక్కువ నిండి ఉంటుంది, దూరం కొంచెం తగ్గినా ఫరవాలేదు.

పెట్టె మీద రాసిన మందం నమ్మి లెక్క వేస్తే మాత్రం మోసపోవచ్చు. చవక బ్రెయిడ్ లో "0.23" అని రాసి లోపల 0.30 ఉండేవి చాలా. పెన్సిల్ మీద పక్కపక్కన ఖాళీ లేకుండా 20 చుట్లు చుట్టి స్కేలుతో కొలవండి. పీఈ 2 అయితే 4.7 మి.మీ. చుట్టూ రావాలి. బ్రెయిడ్ కాస్త నలుగుతుంది కాబట్టి 5 వచ్చినా సరే. 6 దాటిందంటే అది పీఈ 2 కాదు. బలం చూడాలంటే సామాన్లు తూచే కొక్కెం తూకానికి కట్టి మెల్లగా లాగి చూడండి.

చుట్టేటప్పుడు బిగుతు ముఖ్యం. తడి గుడ్డలో దారం పట్టుకుని, గుడ్డ నొక్కుతూ చుట్టాలి. వదులుగా చుట్టిన బ్రెయిడ్ లోకి, బరువు పడినప్పుడు పై చుట్లు దిగబడతాయి. తర్వాత విసిరినప్పుడు ఆ దిగబడ్డ చుట్టు దగ్గర సీసం గాల్లోనే ఆగిపోయి తెగుతుంది. స్పూల్ అంచుకి 2–3 మి.మీ. కింద ఆపేయండి. ఇంకా నింపితే ఒకేసారి నాలుగైదు చుట్లు ఊడి రాడ్డు మీది మొదటి గైడ్ (దారం దూరే రింగు) లో ముద్ద కడతాయి.

ఆ ముద్దలకి ఇంకో కారణం హ్యాండిల్ తిప్పి బెయిల్ వెయ్యడం. సీసం నేలకి తగిలాక దారం వదులుగా ఉంటుంది, హ్యాండిల్ తిప్పగానే ఆ వదులు చుట్టు స్పూల్ మీద పడి, తర్వాతి విసురుకి పక్క చుట్టుని పట్టుకుని వస్తుంది. బెయిల్ చేత్తో వేసి, రెండు వేళ్ల మధ్య దారం ఒకసారి లాగి, అప్పుడు చుట్టండి. ఈ అలవాటు ఒక్కటీ పడితే ముద్దలు దాదాపు పోతాయి.

పడిందనుకోండి, కొసలు పట్టి లాగకండి. ముద్దని చేత్తో వదులు చేసి, పిన్నీసుతో మధ్య ఉచ్చు ఒక్కటే ఎత్తండి. ముద్ద ఎంత ఘోరంగా కనిపించినా చాలాసార్లు అది ముడి కాదు, ఉచ్చులోంచి ఉచ్చు దూరి ఉంటుందంతే.

మోనో అయితే ఈ బాధలు తక్కువ. దాని బాధ వేరు, ఎండకి పాడవుతుంది, స్పూల్ ఆకారంలోనే చుట్టలు చుట్టలుగా ఉండిపోతుంది. పైన పొడిబారి తెల్లగా కనిపిస్తే మార్చేయాలి. నీళ్లు పీల్చుకుని తడిలో బలం కొంత తగ్గుతుంది కూడా.


రుషికొండ_రాడ్:

అందరికీ చాలా థాంక్స్ అన్నా. ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ఇంకో మూడు అడుగుతాను.

బ్రెయిడ్ కీ 50 పౌండ్ల మోనోకీ ముడి ఏది? ఎఫ్‌జీ ముడి వీడియోలు చూశాను, గాలిలో నిలబడి కట్టడం సాధ్యమేనా?

నా రాడ్డు పాతది, గైడ్ రింగులు బ్రెయిడ్ కి ఆగుతాయో లేదో ఎలా తెలుస్తుంది?

బ్రెయిడ్ తో కెరటం తగిలిన ప్రతిసారీ కొస ఊగుతుందని, చేపా కెరటమా తేడా తెలియదని ఒకరన్నారు. నిజమేనా?


కెరటం_అంచు:

ముడి గురించి. ఎఫ్‌జీనే కట్టండి, ఇంట్లో కట్టుకుని రండి. 7 మీటర్ల లీడర్ మధ్యాహ్నం కట్టుకుంటే సాయంత్రానికి గాలిలో కట్టాల్సిన పనే రాదు.

బ్రెయిడ్ బిగుతుగా ఉండటమే అందులో కిటుకు. రీలు నుంచి వచ్చే బ్రెయిడ్ ని రాడ్డు కొసకి రెండు చుట్లు వేసి, రెండో కొస ఎడం చేతి చూపుడు వేలికి చుట్టుకుని తీగలా బిగించండి. లీడర్ ని దాని మీద అడ్డంగా పెట్టి, ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి బ్రెయిడ్ ని దాటించండి. ప్రతి దాటుకీ బ్రెయిడ్ లీడర్ ని చుట్టుకుంటుంది. అటు పది, ఇటు పది, మొత్తం 20. పక్కపక్కన పడాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. తర్వాత బ్రెయిడ్ కొసతో, లీడర్ కీ అసలు బ్రెయిడ్ కీ కలిపి ఒక హాఫ్ హిచ్ (ఒంటి మెలి ముడి). ఇప్పుడు ఉమ్మితో తడిపి, బ్రెయిడ్ ని ఒక చెక్కకి చుట్టి, రెండు వైపులా గట్టిగా లాగండి. చుట్లు నలిగి రంగు ముదురుతుంది. పసుపు బ్రెయిడ్ అయితే అది లీడర్ లోకి దిగినట్టు కనిపిస్తుంది. ఆ రంగు మారకపోతే ముడి పట్టనట్టే, అది మొదటి బలమైన విసురుకే జారుతుంది. మారాక ఇంకో నాలుగు హాఫ్ హిచ్ లు ఒకటి అటు, ఒకటి ఇటు వెయ్యండి. లీడర్ కొసని ముడికి ఆనించి బ్లేడుతో కోసి, బ్రెయిడ్ మీదనే మరో నాలుగు వేసి ముగించండి.

అగ్గిపెట్టె, లైటర్ దగ్గరికి తేకండి. మోనో కొసని కాల్చి గుండు చెయ్యడం చాలామందికి అలవాటు. బ్రెయిడ్ 145 డిగ్రీలకే కరుగుతుంది, నైలాన్ కంటే చాలా ముందే. మంట తగలకపోయినా వేడికి పక్కనున్న పోగులు పోతాయి, కంటికి కనబడదు.

బీచ్ మీద తెగిపోతే డబుల్ యూని ముడి కట్టి పని కానివ్వండి. బ్రెయిడ్ వైపు 8 చుట్లు, 50 పౌండ్ల మోనో వైపు నాలుగు చాలు. అది లావుగా ఉంటుంది, గైడ్లలో టకటకమంటుంది, కాబట్టి కొంచెం మెల్లగా విసరండి. ఏ ముడైనా విసిరే ముందు అది స్పూల్ మీద వెనక వైపు, అంటే రీలు ఒంటి వైపు ఉండేలా చూడండి. ముందు అంచున ఉంటే పైనుంచి ఊడే చుట్లు దానికి తగులుకుంటాయి.

చూపుడు వేలికి బట్ట ప్లాస్టర్ గానీ తోలు తొడుగు గానీ లేకుండా విసరకండి. లీడర్ స్పూల్ మీద ఉన్నంతవరకు వేలి మీద ఉండేది మోనోయే, కానీ లీడర్ కురచ అయిన రోజు వేలి మీదికి బ్రెయిడ్ వస్తుంది.


రాళ్లమీద:

గైడ్ రింగుల సంగతి. చెవి శుభ్రం చేసే దూది పుల్ల తీసుకుని ప్రతి రింగు లోపలా గుండ్రంగా తిప్పండి. ఎక్కడైనా దూది పోగు పట్టుకుంటే అక్కడ పగులు గానీ గాడి గానీ ఉన్నట్టు. మోనోకి ఆ గాడి పెద్దగా తెలియదు, బ్రెయిడ్ ని మాత్రం కత్తిలా కోస్తుంది. ఎక్కువగా కొస రింగులోనే ఉంటుంది. లోపల నల్లటి పింగాణీ లాంటి రింగు ఉంటే సాధారణంగా భయం లేదు. ఉత్త స్టీలు తీగ మీద పూత వేసిన రింగులైతే ఇసుక పట్టిన బ్రెయిడ్ కి త్వరగా గాడి పడతాయి. బ్రెయిడ్ అల్లికలో సన్న ఇసుక ఇరుక్కుంటుంది, అది గరుకు కాగితం పని చేస్తుంది. కాబట్టి విసిరే ముందు దారాన్ని ఇసుక మీద పడేయకండి, రాడ్డుని కింద పెట్టకండి. నాలుగడుగుల పీవీసీ పైపు ఒక కొస ఏటవాలుగా కోసి ఇసుకలో దింపి అందులో నిలబెట్టండి.

పోగుల లెక్క కూడా చూసుకోండి, ఇక్కడ పోగంటే ఆ సన్నటివి కొన్ని కలిసిన పాయ. 8 పోగుల అల్లిక నున్నగా ఉండి చప్పుడు లేకుండా పోతుంది, ఇసుక బీచ్ కి అదే. 4 పోగులది గరుకు, కానీ ఒక్కో పోగు లావు కాబట్టి రాపిడికి కొంచెం ఎక్కువ ఆగుతుంది.


భీమిలి_పార:

కెరటం తగిలి కొస ఊగడం నిజమే, దారం సాగదు కదా. బ్రెయిడ్ నీటి కంటే తేలిక, తేలుతుంది. మొదటి కెరటాల వరస దాన్ని పైన పట్టుకుని కొట్టుకుంటుంది. నైలాన్ కొద్దిగా మునుగుతుంది కాబట్టి ఆ దెబ్బ తక్కువ. మందు ఏమిటంటే ఎత్తు. పైపు ఇంకా పొడుగ్గా తీసుకుని రాడ్డు నిటారుగా పెట్టండి, దారం విరిగే కెరటం మీదుగా పోవాలి. పోటు ఎక్కేటప్పుడు ఒడ్డు పక్క కెరటం దగ్గరికొస్తుంది, అప్పుడు పైపుని కూడా వెనక్కి జరపాలి. ఇలా పెట్టాక కెరటం ఊపు ఒక తాళంలో వస్తుంది, కొస మెల్లగా వంగి మెల్లగా లేస్తుంది. చేప తట్టుడు ఆ తాళం మధ్యలో టక్కుమని పడుతుంది. కాసేపు చూస్తే కంటికి అలవాటవుతుంది.

పక్కగాలి బాగా ఉన్న రోజు ఇంకో మాట. సీసం గాల్లో ఉండగానే రాడ్డు కొస కిందికి దించి, నీళ్లు తాకే ముందు వేలితో స్పూల్ మీద దారాన్ని కాస్త ఆపండి. బ్రెయిడ్ తేలిక కాబట్టి గాలికి పెద్ద విల్లు పడుతుంది, ఆ విల్లు తీయకుండా వదిలేస్తే సన్న దారం లాభమంతా పోతుంది.

డ్రాగ్ కూడా మార్చుకోవాలి. మోనోకి పెట్టిన బిగింపుతోనే బ్రెయిడ్ వాడితే గాలాలు సాగిపోతాయి, మూతులు చీలిపోతాయి. కొక్కెం తూకంతో కొలిచి రెండున్నర కేజీల దగ్గర వదిలేలా పెట్టండి. సర్కిల్ గాలం (ముల్లు లోపలికి వంగినది) అయితే రాడ్డు కొస ఊగిన వెంటనే గుంజకండి, రాడ్డు తానే వంగేదాకా ఆగి చుట్టడం మొదలుపెడితే మూతి మూలకి పట్టుకుంటుంది. టేకు చేప, సొర పడే చోట లీడర్ కింద ఇంకో అడుగున్నర 80 పౌండ్ల మోనో కట్టండి. టేకు ఒంటి గరుకుకి 50 పౌండ్లది కూడా గీతలు పడిపోతుంది.


తీరం_వాడు:

అందరూ చేప వైపు నుంచే చెప్పారు, వలల వైపు నుంచి నేను చెప్తాను. భీమిలి దారి పొడుగునా తెల్లవారుజామున అలివి వల లాగుతారు. తెప్పలు ఒడ్డు నుంచే దిగుతాయి. మోనో వలలో చిక్కితే చేత్తో తెంపుకుంటారు. బ్రెయిడ్ చిక్కితే తెగదు, కంటికి కనబడదు, తాడు లాగే మనిషి అరచేతిని కోస్తుంది. నీలం, ఆకుపచ్చ, బూడిద రంగు బ్రెయిడ్ కొనకండి. పసుపు గానీ నారింజ గానీ తీసుకోండి, చివర 7 మీటర్లు మోనోయే కాబట్టి చేపకి రంగు కనబడదు. వల దించిన వైపు విసరకండి, తాడు ఏ పక్క ఉందో ముందు అడగండి. అడిగితే ఏ చోట గుంట ఉందో కూడా వాళ్లే చెప్తారు.

కోసిన ముక్కలు, పాత మోనో చుట్టలు ఇసుకలో వదలకండి. చలికాలం నుంచి మార్చి, ఏప్రిల్ దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ముందు కాళ్లకి చుట్టుకుంటే విడిపించుకోలేవు. కుక్కలదీ అదే గతి. జేబులో ఒక ఖాళీ నీళ్ల సీసా పెట్టుకుని ముక్కలన్నీ అందులో తోసేయండి.

ఇంటికెళ్లాక రీలు డ్రాగ్ పూర్తిగా బిగించి, కుళాయి కింద మెల్లగా పారే మంచినీళ్లలో కడగండి. బిగించకపోతే డ్రాగ్ వాషర్లలోకి ఉప్పునీరు దిగుతుంది. ఆరాక మళ్లీ వదులు చెయ్యండి. బ్రెయిడ్ లో ఇరుకున్న ఉప్పు ఒక్క కడుగుడుతో పోదు, స్పూల్ ఊడదీసి, డ్రాగ్ వాషర్లు తీసి పక్కన పెట్టి, ఓ అరగంట నీళ్లలో ఉంచండి. నాలుగైదుసార్లు వాడాక ముడి ముందు 3 మీటర్ల బ్రెయిడ్ కోసి కొత్త ముడి కట్టండి, అరిగేది ఎప్పుడూ అదే చోట. 200 మీటర్లలో మీరు వాడేది మొదటి వందే కాబట్టి ఆ సగం రంగు పోయి నూగు లేచాక కొత్తది కొనక్కర్లేదు. మొత్తం ఊడదీసి, అరిగిన కొసని అడుగు మోనోకి కట్టి తిరగేసి ఎక్కిస్తే అడుగున ఉన్న కొత్త సగం పైకి వస్తుంది.


రుషికొండ_రాడ్:

దూది పుల్లతో చూశాను, కొస రింగులో ఒక చోట పోగు పట్టుకుంటోంది. ముందు అది మార్పిస్తాను. అడుగున 90 మీటర్ల మోనో ఉంచి 8 పోగుల పసుపు పీఈ 2 తీసుకుంటున్నా. కొస రింగు ఇంట్లో మార్చుకోవచ్చా, షాపుకి ఇవ్వాలా?


రాళ్లమీద:

ఇంట్లోనే అవుతుంది. కొస రింగు వేడికి కరిగే జిగురుతోనే అతికించి ఉంటుంది సాధారణంగా. దారం చుట్టు ఉంటే ముందు అది బ్లేడుతో కోసి తీయండి. రింగు గొట్టాన్ని లైటర్ తో కొద్దికొద్దిగా వేడి చేసి శ్రావణంతో నేరుగా ముందుకి లాగండి, మెలిపెట్టకండి. రాడ్డుకి మంట తగిలితే కార్బన్ పాడవుతుంది, వేడి ఇనుముకే చూపించాలి. కొత్తది కొనే ముందు రాడ్డు కొస వ్యాసం కొలిచి, గొట్టం లోపలి కొలత దానికి సరిపోయేది తీసుకోండి. గ్లూ గన్ పుల్ల ముక్క కరిగించి కొసకి రాసి, రింగు తొడిగి, మిగతా గైడ్లతో వరస కలిసిందో లేదో రాడ్డు వెంబడి కన్నుపెట్టి చూసి, జిగురు గట్టిపడేలోపు సరిచెయ్యండి.